హైతీకి పంపిన నా 10 డాలర్లు: సాయం చేసేవాళ్లు లెక్క ఎవరికి చెబుతారు?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మేం న్యూజెర్సీలో ఇల్లు మారుతున్నాం. పాత అట్టపెట్టెలు సర్దుతుంటే 2010 నాటి ఫోన్ బిల్లు ఒకటి బయటపడింది. నెలవారీ ఛార్జీల కింద విడిగా ఒక 10 డాలర్లు. ఏమిటా అని చూస్తే గుర్తొచ్చింది. ఆ ఏడాది జనవరి 12న హైతీలో భూకంపం. ఆఫీసులో అందరం టీవీ ముందు నిలబడి ఉంటే పక్క సీటతను "హైతీ అని కొట్టి 90999కి పంపు, 10 డాలర్లు అమెరికన్ రెడ్‌క్రాస్‌కి వెళ్తాయి, బిల్లులో కలుస్తాయి" అన్నాడు. పంపేశాను. అలా మెసేజీల మీదే 3 కోట్ల డాలర్లకు పైగా పోగయ్యాయట. మొత్తం మీద ఆ ఒక్క సంస్థకే హైతీ పేరున దాదాపు 50 కోట్ల డాలర్లు వచ్చాయి.

2015లో ప్రొపబ్లికా, ఎన్‌పీఆర్ విలేకరులు వెళ్లి చూస్తే ఆ సంస్థ హైతీలో కట్టిన శాశ్వత గృహాలు 6 తేలాయి. ఆరు వందలు కాదు, ఆరు. రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌లో కాంపెష్ అనే పేటలో వందల ఇళ్లు కడతామని మొదలుపెట్టినచోట ఒక్క ఇల్లూ లేవలేదు. సంస్థేమో 1,30,000 మందికి పైగా ఇళ్లు సమకూర్చామని చెప్పుకుంది.

అప్పుడే చదివాను, తిట్టుకున్నాను, మర్చిపోయాను. ఇప్పుడు బిల్లు చూశాక మళ్లీ మొదలైంది. 10 డాలర్లు నాకు ఓ లెక్క కాదు. నన్ను తొలిచేది వేరే. నేను డబ్బు పంపిన నిమిషంలో నాకు థాంక్యూ మెసేజ్ వచ్చింది. ఇల్లు కట్టిస్తామని మాటిచ్చి కట్టలేనప్పుడు కాంపెష్‌లో వాళ్లకి ఎవరైనా ఒక మాట చెప్పారా? ఈ రంగంలో పనిచేసినవాళ్లు మన గ్రూపులో ఉన్నారు కదా. లోపల ఏం జరుగుతుందో కాస్త చెప్పండి.

తోకచుక్క:
అన్నా, అందరూ తినేవాళ్లే. నేనైతే గుడి మెట్ల మీద కూర్చున్నవాళ్ల చేతిలో పెడతాను. మధ్యలో ఆఫీసూ ఉండదు, టెన్షనూ ఉండదు.

లెక్కలమాస్టారు:
తోకచుక్క గారూ, "తిన్నారు" అనేస్తే మాట అక్కడితో ఆగిపోతుంది. నేను విజయవాడలో ముప్పై ఏళ్లు స్వచ్ఛంద సంస్థల ఖాతాలు ఆడిట్ చేశాను. దొంగ ఓచరు పట్టుకోవడం కష్టమేం కాదు. కలం సిరా రంగు చూస్తే చాలు, పది ఊళ్ల సంతకాలు ఒకే పెన్నుతో పెట్టారని తెలిసిపోతుంది. అసలైన ఓచర్లు పెట్టి చెప్పే అబద్ధాన్ని మాత్రం మేం పట్టుకోలేం.

గోదారిగట్టు గారు చెప్పిన 1,30,000 అలాంటిదే. ఆ అంకెలో తాత్కాలిక ఇళ్లు ఇచ్చినవాళ్లున్నారు. కొన్నాళ్లు అద్దె కట్టినవాళ్లున్నారు. మీ ఇల్లు మీరే ఎలా బాగుచేసుకోవాలో చెప్పే క్లాసుకొచ్చి కూర్చున్నవాళ్లూ ఉన్నారు. క్లాసుకు హాజరు పట్టీ ఉంటుంది, అద్దెకు రసీదు ఉంటుంది. ఆడిటర్‌కి ఎక్కడా తప్పు దొరకదు. తప్పంతా "ఇల్లు" అన్న మాటలో ఉంది, ఆ మాట మా ఖాతా పుస్తకంలోకి రాదు.

రెండోది, డాలరులో 91 సెంట్లు హైతీకే ఖర్చవుతాయని చెప్పారు. 2016లో అమెరికా సెనేటర్ చక్ గ్రాస్లీ విచారణ చేయిస్తే, నాలుగో వంతు, అంటే సుమారు 12.5 కోట్ల డాలర్లు సంస్థ లోపలి ఖర్చుల కిందే పోయాయని తేలింది. పైగా వచ్చిన సొమ్ములో చాలాభాగం ఇంకో సంస్థ చేతికి, దాని నుంచి మరో సంస్థ చేతికి వెళ్లింది. ప్రతి చోటా ఆఫీసు ఖర్చు పట్టుకుంటారు. బావి దగ్గర నింపిన బిందె నలుగురి చేతులు మారి పందిట్లోకి వచ్చేసరికి ఎంత మిగులుతుందో అంతే.

ఇందులో మన పాత్రా ఉంది, ఒప్పుకోవాలి. "ఆఫీసు ఖర్చు 10 శాతం దాటకూడదు" అని దాతలే పట్టుబడతారు. లెక్క రాసేవాడు ఏం చేస్తాడు? జీపు డీజిలు ప్రోగ్రాం కింద వేస్తాడు, అకౌంటెంటు జీతంలో సగం శిక్షణ కింద వేస్తాడు. నిజం చెప్పినవాడికి గ్రాంటు రాదు.

ఉప్పుగాలి:
మాస్టారూ, వాళ్లకి "ఇల్లు" ఎలాగో మాకు "బోటు" అలాగ.

2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత ప్రకాశం జిల్లా తీరంలో ఒక సంస్థలో రెండేళ్లు ఫీల్డు స్టాఫ్‌గా చేశాను. పేరు వద్దులెండి. మా వైపు ప్రాణనష్టం తమిళనాడంత లేదు గానీ వలలు, తెప్పలు, ఇంజన్లు పోయాయి. మూడు నెలల్లో ఎన్ని సంస్థలు దిగాయంటే, పిల్లలు జీపు రంగు చూసి ఎవరిదో చెప్పేసేవాళ్లు. అందరికీ బోట్లు ఇవ్వాలనే. బోటు ఫోటోలో బాగా పడుతుంది, పక్కన పెద్ద అక్షరాలతో పేరు రాసుకోవచ్చు. షావుకారు దగ్గర పెరిగిన అప్పు ఫోటోలో పడదు. ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని మైళ్లు నడిచి అమ్ముకొచ్చే ఆడవాళ్లు ఏ ప్రపోజల్లోనూ లేరు.

జన్మలో వేటకి పోనివాళ్ల పేరున బోట్లొచ్చాయి. ఫైబరు ఎంత పలచగా పోశారంటే, మా ఊళ్లో ఒక పెద్దాయన కొత్త బోటు పక్కన వేలితో కొట్టి ఆ చప్పుడు విని "ఇది అల తినదు" అన్నాడు. తినలేదు కూడా. ఇది మా ఒక్క ఊరి గోలే అనుకున్నా. 2006లో పెద్ద సంస్థలన్నీ కలిసి చేయించుకున్న సునామీ మూల్యాంకన నివేదిక చూస్తే శ్రీలంకలో, ఇండోనేషియా అచేలో కూడా ఇదే వరస. అవసరానికి మించిన బోట్లు, పనికిరాని బోట్లు.

ఆఫీసులో ఫిర్యాదుల పెట్టె కూడా ఉండేది. ఆకుపచ్చ రంగేసిన రేకు పెట్టె, మీద ఇంగ్లీషులో రాసిన కాగితం అంటించి. తాళంచెవి మేనేజర్ టేబుల్ సొరుగులో. ఊళ్లో సగం ఫిర్యాదులు ఆ మేనేజర్ మీదే. రెండేళ్లలో ఆ పెట్టె ఒకేసారి తెరిచాం, ఢిల్లీ నుంచి మూల్యాంకనం చేసే మేడమ్ వచ్చిన రోజున.

తోకచుక్క:
అందులో ఏమున్నాయన్నా?

ఉప్పుగాలి:
చెప్తాలే. అది వేరే కథ.

పాతసైకిల్:
నాది నాగాయలంక దగ్గర ఊరు. 1977 నవంబర్ 19 ఉప్పెన నాటికి నాకు పదకొండేళ్లు. దివిసీమలో పదివేల మందికి పైగా పోయారు. మా ఇంట్లో ఎంతమంది పోయారో ఇక్కడ రాయను.

సాయం చాలా వచ్చింది, అబద్ధం ఎందుకు. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి శవాలు తీశారు, అన్నం వండి పెట్టారు, తర్వాత ఇళ్లు కట్టించారు. ఆ పుణ్యం వాళ్లది. కానీ నాకు బాగా గుర్తున్నది ఒక లారీ. దాన్నిండా ఉన్ని స్వెటర్లు. మా కృష్ణా తీరానికి! మా నాయనమ్మ ఒకటి తీసుకుని ఊలు అంతా ఊడదీసి ఉండ చుట్టి, గేదెకి పలుపు పేనింది. గేదె ఎక్కడిది అనకండి, అది తర్వాత వచ్చింది. పలుపు ముందు సిద్ధమైంది.

ఇచ్చినవాళ్లని ఎందుకిచ్చారని అడిగే అలవాటు మాకు లేదు. చేయి చాచాక నోరెలా లేస్తుంది?

సెలైన్‌సీసా:
పాతసైకిల్ గారి ఆఖరి మాట దగ్గరే నేను అందుకుంటాను. నేను డాక్టర్ని, దక్షిణ సూడాన్‌లో ఒక కలరా శిబిరంలో పనిచేశాను. హైతీ అంటే అందరూ ఇళ్ల గురించి మాట్లాడతారు. మా వాళ్లు మాట్లాడేది కలరా గురించి.

కలరా మంచం చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. మధ్యలో రంధ్రం, కింద బకెట్. మనిషి లేవలేడు. బియ్యం కడిగిన నీళ్లలాంటి విరేచనం ధారగా పోతూనే ఉంటుంది. గంట గంటకీ బకెట్లో గీత చూసి అంతే నీరు లోపలికి ఎక్కించాలి. వేళకి సెలైనో ఓఆర్‌ఎస్సో పడితే నూటికి ఒక్కరు కూడా పోరు. పడకపోతే పొద్దున బాగున్న మనిషి రాత్రికి ఉండడు.

హైతీలో కనీసం వందేళ్లుగా కలరా జాడ లేదు. భూకంపం వచ్చిన తొమ్మిది నెలలకు, 2010 అక్టోబర్‌లో, మిర్బలే పట్టణం దగ్గర మొదలైంది. అక్కడే ఐక్యరాజ్యసమితి శాంతిసేన శిబిరం ఒకటి ఉంది. కొత్తగా నేపాల్ నుంచి దళం దిగింది. నేపాల్‌లో అప్పటికే కలరా నడుస్తోంది. శిబిరం మరుగుదొడ్ల మలినం పక్కనున్న వాగులోకి చేరింది. ఆ వాగు వెళ్లి అర్టిబొనైట్ నదిలో కలుస్తుంది. దేశంలో అతి పెద్ద నది అది. జనం అందులోనే స్నానం, వంట, వరిచేలకు నీళ్లు. మొత్తం 8 లక్షల మందికి పైగా జబ్బు పడ్డారు, దాదాపు 10,000 మంది పోయారు.

వాగు పక్క రైతులు మొదటి వారంలోనే వేలెత్తి చూపించారు. ఫ్రెంచ్ వైద్యుడు రెనో పియారూ వెళ్లి ఆ శిబిరం వైపే చూపించాడు. సమితి మాత్రం "ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం ఇప్పుడు ముఖ్యం కాదు, చికిత్స ముఖ్యం" అనే ధోరణిలో ఉంది. 2011లో సమితే వేసిన నిపుణుల బృందం ఆధారాలన్నీ వరసగా పేర్చి, చివర్లో అనేక పరిస్థితులు కలిసొచ్చాయి, ఇది ఏ ఒక్కరి తప్పూ కాదు అని రాసింది. అదే నిపుణులు 2013లో, ఇక సమితితో సంబంధం లేకుండా, ఆ శిబిరం నుంచే వచ్చి ఉండే అవకాశం ఎక్కువ అని మళ్లీ రాశారు.

బాన్ కీ మూన్ క్షమాపణ చెప్పింది 2016 డిసెంబర్ 1న. ఆరేళ్లు! అప్పుడు కూడా "కలరా విషయంలో చేయవలసినంత చేయలేదు" అన్నాడే గానీ "మేం తెచ్చాం" అనలేదు. 40 కోట్ల డాలర్ల ప్రణాళిక ప్రకటించారు. దేశాలు ఇచ్చింది అందులో చాలా కొద్ది.

సైనికులు విమానం ఎక్కే ముందు పరీక్ష చేయించినా, మరుగుదొడ్లు సరిగ్గా కట్టినా ఆగేది. అది పొరపాటు, ఎవరికైనా జరుగుతుంది. ఆరేళ్లు మాట దాచడం పొరపాటు కాదు.

నల్లకోటు:
డాక్టర్ గారు చెప్పిన ఆరేళ్లలో కోర్టుల్లో ఏం జరిగిందో నేను చెబుతాను.

సమితి మీద ఏ దేశం కోర్టులోనూ దావా నడవదు. 1946 ఒప్పందం ఆ రక్షణ ఇచ్చింది. అదే ఒప్పందం 29వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. కోర్టుకి పోలేని బాధితుల కోసం సమితే తగాదా తీర్చే ఏర్పాటు చేయాలి. హైతీతో 2004లో రాసుకున్న ఒప్పందంలో కూడా క్లెయిముల కమిషన్ పెడతామని ఉంది. పెట్టలేదు.

2011 నవంబర్‌లో 5,000 మంది బాధితుల తరఫున క్లెయిములు వేశారు. 2013 ఫిబ్రవరిలో ఒక ఉత్తరం వచ్చింది. సారాంశం: ఇవి విధానపరమైన విషయాల జోలికి వెళ్తాయి కాబట్టి స్వీకరించం. వినండి, ఓడిపోయారని కాదు, విననే వినం అని! చిత్రమేమిటంటే సమితి జీపు రోడ్డు మీద ఎవరినైనా గుద్దితే పరిహారం ఇచ్చే పద్ధతి ఉంది, ఇస్తారు కూడా. నదిని పాడు చేస్తే లేదు.

వాళ్లు న్యూయార్క్‌లో దావా వేశారు. 2015 జనవరిలో కొట్టేశారు, 2016 ఆగస్టులో అప్పీలూ పోయింది. న్యాయమూర్తుల్ని అనడానికి లేదు, చట్టం అలా ఉంది. అదే ఆగస్టులో సమితి తరఫునే పనిచేసే ప్రత్యేక ప్రతినిధి ఫిలిప్ ఆల్స్టన్ నివేదిక బయటికొచ్చింది. మన వైఖరి నీతికీ నిలవదు, చట్టానికీ నిలవదు, మనకే నష్టం అని ఆయన మొహమాటం లేకుండా రాశాడు. ఆ తర్వాతే గొంతు మారింది.

తోకచుక్క:
చూశారా, మొదటి రోజే చెప్పాను. రూపాయి ఇవ్వకండి. అయిపోతుంది.

సెలైన్‌సీసా:
తోకచుక్కా, అయిపోదు. హైతీలో కలరా వచ్చాక సెలైన్ సీసాలు వేలాడదీసింది కూడా మీరు తినేవాళ్లంటున్న సంస్థలే. రూపాయి ఆగితే ముందు ఆగేది ఆ సీసా. మేనేజర్ జీతం ఆఖర్న ఆగుతుంది.

ఇంకో మాట. నిజం చెప్పినవాళ్లు ఈ ప్రపంచంలో లేరనుకోకండి. సునామీ వచ్చిన వారం పది రోజుల్లోనే ఎమ్‌ఎస్‌ఎఫ్, అదే హద్దులు లేని వైద్యుల సంస్థ, "సునామీకి మాకు కావలసినంత వచ్చింది, ఇక దీని పేరున పంపకండి" అని బాహాటంగా చెప్పింది. వచ్చిన సొమ్ము వేరే చోట వాడుకోవచ్చా అని దాతలనే అడిగింది. చాలామంది సరేనన్నారు. మిగతా సంస్థలకి మాత్రం ఒళ్లు మండింది, అందరి చందాలూ పడిపోతాయని. నాకు తెలిసి ఈ రంగంలో ఒక సంస్థ నోటి నుంచి వచ్చిన అతి కష్టమైన మాట "చాలు" అన్నదే.

రెండో వైపు కూడా చూడండి. హైతీలో ఆక్స్‌ఫామ్ గ్రేట్ బ్రిటన్ అనే సహాయ సంస్థ సిబ్బంది కొందరు సంస్థ ఇచ్చిన ఇంట్లోనే వేశ్యల్ని పెట్టుకున్నారని 2011లో లోపల విచారణ జరిగింది. కొందరిని తీసేశారు, అక్కడి పెద్దాయన్ని గౌరవంగా రాజీనామా చేసి వెళ్లనిచ్చారు. ఆయన తర్వాత బంగ్లాదేశ్‌లో ఇంకో సంస్థలో పెద్ద పోస్టులో చేరాడు! ఆ కొత్త సంస్థకి ఆక్స్‌ఫామ్‌వాళ్లు అసలు విషయం చెప్పలేదు. 2018 ఫిబ్రవరిలో ద టైమ్స్ పత్రిక బయటపెట్టింది. పది రోజుల్లో 7,000 మంది నెలవారీ చందాదార్లు మానేశారు. హైతీ ప్రభుత్వం వాళ్లని దేశంలో పనిచేయనివ్వనంది.

ఇప్పుడు ఇంకో సంస్థ డైరెక్టర్ కుర్చీలో మిమ్మల్ని కూర్చోబెడతాను. మీ దగ్గరా అలాంటి ఫైలు ఒకటుంది. బయటపెడితే చందాలు పోతాయి, చందాలు పోతే శిబిరాలు మూతపడతాయి. ఏం చేస్తారు? అప్పుడు ఆక్స్‌ఫామ్‌లో వాళ్లూ సరిగ్గా ఇలాగే ఆలోచించి ఉంటారు. అందుకే నాకు కోపం వస్తుంది, అర్థమూ అవుతుంది.

నిర్వాహకుడు:
చర్చ బాగుంది. ఒక చిన్న మనవి. బయట రుజువైన విషయాలకు పేర్లు రాయండి. మీ సొంత అనుభవాల్లో సంస్థల పేర్లు, మనుషుల పేర్లు వద్దు. ఉప్పుగాలి గారిలా రాయండి.

మస్టరురోలు:
కొత్తగా చేరాను. ఈ చర్చ చూసి ఆగలేక రాస్తున్నా. నేను ఉపాధి హామీ సామాజిక తనిఖీలో నాలుగేళ్లు ఊరి స్థాయిలో చేశాను, మహబూబ్‌నగర్ వైపు. మీరంతా పైకి చూసి లెక్క అడుగుతున్నారు. మా పద్ధతిలో లెక్కని కిందకి తెచ్చి చదివేవాళ్లం.

2006లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది ఇది. కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లల్నే తీసుకుని శిక్షణ ఇచ్చేవాళ్లు. వేరే ఊరికి పంపేవాళ్లు, సొంతూర్లో మొహమాటం ఉంటుందని. ఇంటింటికీ తిరిగి జాబ్‌కార్డు, మస్టరు (పనికొచ్చినవాళ్ల హాజరు పట్టీ) పక్కపక్కన పెట్టి చూడాలి. చివరి రోజు మండలంలో ప్రజావేదిక. షామియానా, మైకు, అధికారులు ఒక పక్క, జనం ఒక పక్క.

నేనొకసారి మైకులో చదువుతున్నా. ఫలానా ఆమె, ఫలానా చెరువు పూడిక పని, 12 రోజులు, ఇంత కూలి. వెనక నుంచి ఒకామె లేచి "నేనప్పుడు కాన్పుకి పుట్టింటికి పోయిన, నాకు పన్నెండు రోజులు ఎట్లొచ్చినయ్?" అంది. చంకలో ఆ కాన్పు బిడ్డే ఉంది. ఊళ్లో హాజరు రాసే ఫీల్డ్ అసిస్టెంటు తల దించుకున్నాడు. ఏ ఆడిటర్ పట్టుకోగలడు దాన్ని? కాగితం శుభ్రంగా ఉంది, సంతకం ఉంది.

గొప్పలు చెప్పుకోను. తేలిన సొమ్ములో వసూలైంది తక్కువే. కొన్ని చోట్ల మమ్మల్ని తరిమారు కూడా. కానీ ఆ బిడ్డ తల్లికి మైకు అందింది. హైతీలో 50 కోట్ల డాలర్ల లెక్క కాంపెష్‌లో క్రియోల్ భాషలో మైకులో చదివితే ఎలా ఉండేదో!

లెక్కలమాస్టారు:
మస్టరురోలు గారూ, మీరు నా ముప్పై ఏళ్ల వృత్తిని నాలుగు ముక్కల్లో ఇంటికి పంపేశారు. సంతోషమే.

కానీ ఒక తేడా మర్చిపోవద్దు. అప్పుడు మీ వెనక చట్టం ఉంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లోనే గ్రామసభ తనిఖీ చేయాలని రాశారు. ఆ పని కూలీ హక్కు. విరాళం మీద ఎవరికీ హక్కు లేదు. సరుకు కొనేవాడు నచ్చకపోతే ఇంకో కొట్టుకి పోవచ్చు, ఓటరు నచ్చని నాయకుణ్ని ఓటేసి దించవచ్చు. సాయం తీసుకునేవాడికి ఈ రెండూ లేవు. పాతసైకిల్ గారన్న "చేయి చాచాక నోరెలా లేస్తుంది" అదే.

ఈ సంగతి ఆ రంగంలోవాళ్లకి తెలియక కాదు. రువాండా మారణహోమం తర్వాత 1994లో పక్క దేశంలోని గోమా శరణార్థి శిబిరాల్లో కలరాకి వేలమంది పోయారు. ఆ తర్వాత సిగ్గుపడి కనీస ప్రమాణాలు రాసుకున్నారు. మనిషికి రోజుకి 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి, ఇలాగ. 2014లో ఇంకో ప్రమాణాల జాబితా వచ్చింది, అందులో తొమ్మిది హామీలు. అయిదోది ఫిర్యాదుల గురించే. స్వాగతించాలి, పరిష్కరించాలి అని చక్కగా రాశారు. పాటించకపోతే? ఏమీ లేదు, ఎవరికి వారు ఒప్పుకున్నదే కదా.

డబ్బు ఎటు పోతుందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. భూకంపం తర్వాత మొదటి మూడేళ్లలో హైతీకని ప్రభుత్వాలు, అంతర్జాతీయ సంస్థలు విడుదల చేసిన సాయం 600 కోట్ల డాలర్ల పైమాట. అందులో నేరుగా హైతీ సంస్థల చేతికి వెళ్లింది 1 శాతం కూడా లేదు. 2016లో ఇస్తాంబుల్ సదస్సులో పెద్దలంతా కూర్చుని, నాలుగో వంతు స్థానికులకి వీలైనంత నేరుగా ఇస్తాం, 2020 కల్లా, అని సంతకాలు చేశారు. 2020 వచ్చింది, వెళ్లింది. ఆ నాలుగో వంతు దరిదాపుల్లోకి రాలేదు.

పాతసైకిల్:
స్థానికులకి ఇస్తే వాళ్లు తినరా మాస్టారూ? మా దగ్గర ఇళ్ల పట్టాలు ఎవరెవరికి పోయాయో నాకు తెలుసు.

లెక్కలమాస్టారు:
తింటారు సార్. కానీ తిన్నవాడి ఇల్లు ఎక్కడో మీకు తెలుసు. నలభై ఏళ్ల తర్వాత కూడా గుర్తుపెట్టుకున్నారు. కాంపెష్ వాడికి ఆ సదుపాయం కూడా లేదు.

గోదారిగట్టు:
ఇంత వస్తుందనుకోలేదు. అందరికీ థాంక్స్.

నేనొక పని చేశాను. ఇప్పుడు నెలనెలా చందా ఇస్తున్న సంస్థ ఒకటుంది (హైతీది కాదు, పేరు చెప్పను). దానికి మెయిల్ రాశాను, రెండే ప్రశ్నలు. పోయిన ఏడాది మీరు చేసిన పనుల్లో విఫలమైంది ఏది? మీ వార్షిక నివేదిక మీరు పనిచేసే ఊళ్లలో వాళ్ల భాషలో దొరుకుతుందా? నాలుగు రోజులకి జవాబొచ్చింది. మీ ఔదార్యానికి ధన్యవాదాలు అని, కింద ఇంకోసారి ఇవ్వడానికి బటన్. మళ్లీ రాశాను. ఈసారి ఒక మనిషి రాసింది, నిజంగానే మనిషి. మొదటి ప్రశ్న పైవాళ్లకి పంపానంది. రెండోదానికి "నాకు తెలిసి లేదు, నన్నెవరూ ఇంతవరకు అడగలేదు" అంది. ఆ ఒక్క ముక్కకి నేను చందా ఆపలేదు.

తోకచుక్క:
సరే, నేను కొంచెం తగ్గుతున్నా. ఉప్పుగాలి అన్నా, పెట్టెలో ఏమున్నాయో ఇంకా చెప్పలేదు.

ఉప్పుగాలి:
చెప్పకుండా తప్పించుకుందామనుకున్నా. ఇన్ని రాశాక బాగుండదు.

నాలుగు కాగితాలున్నాయి. ఒకటి ఒంగోలు బస్సు టికెట్టు, ఎవడో చెత్తబుట్ట అనుకున్నాడు. ఒకటి మా డ్రైవర్ మీద, ఊళ్లో జీపు జోరుగా తోలుతున్నాడని. ఒకటి ఊరి పెద్దలు రాయించిన అర్జీ, గుడికి మైకు సెట్టు కావాలని.

నాలుగోది నోటుబుక్కులోంచి చింపిన కాగితం, పెన్సిలుతో, పిల్ల రాత. "మా నాయనమ్మకి చదువు రాదు. ఆమె చేత దేనికి వేలిముద్ర వేయించుకున్నారు?" కింద ఇంటిపేరుతో సహా పేరు, తరగతి కూడా రాసింది, ఏడు బి. పరీక్ష పేపరు మీద రాసినట్టు.

ఢిల్లీ మేడమ్‌కి తెలుగు రాదు. చదివి ఇంగ్లీషులో చెప్పేది నేనే. మేనేజర్ పక్కనే ఉన్నాడు, ఏమీ అనలేదు, నా వైపు చూశాడంతే. నాకప్పుడు నెలకి నాలుగు వేలు, ఇంట్లో చెల్లి పెళ్లి. మేడమ్ "ఇదేమిటి" అంది. "ముసలావిడ పింఛను కావాలంటోంది మేడమ్, మన పరిధి కాదు" అన్నాను. ఆవిడ రాసుకుంది.

తోకచుక్క:
దేనికి వేయించుకున్నారన్నా వేలిముద్ర?

ఉప్పుగాలి:
రెండు వలలు ముట్టినట్టు. ఆమెకి ఒకటే ఇచ్చాం.